ఆరోగ్యవంతుల నెత్తురు

"నా సారంలో చెత్త పడిందా? ఆ మాట ఇంకోసారి అనండి డాక్టరమ్మా. నా మొహం చూసి అనండి!"

డల్వీనా గొంతు ల్యాబ్ తలుపు దాటి, వరండా దాటి, ఆ చివర కాఫీ కాచే జసీరా దాకా వినిపించింది. జసీరా చేతిలో గిన్నె అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇలాంటి తమాషా ఏడాదికోసారి కూడా దొరకదు, ఎవరు మాత్రం ఊరుకుంటారు?

"మొహం చూసే అంటున్నాను," అంది డాక్టర్ సిబెలి. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. పెంచకుండానే కోస్తుంది. "నలభై ఒకటో బ్యాచ్ పనికిరాదు. రోగుల నెత్తురులో వేస్తే ఏం జరుగుతుందో చూడటానికి ముందు ఆరోగ్యవంతుల నెత్తురులో వేస్తాం. వాళ్ళకి ఈ బూజుతో పరిచయం లేదు కాబట్టి వాళ్ళ తెల్లకణాలు కదలకూడదు. మరి నా దగ్గర ఎనిమిది మంది ఆరోగ్యవంతులుంటే, ఎనిమిది మందికీ కణాలు లేచి గంతులేస్తున్నాయి. అంటే సారంలో బూజు ఒక్కటే లేదు. బాక్టీరియా మురికి ఉంది. అది ఎవరి కణాలనైనా రెచ్చగొడుతుంది. చేతులు సరిగ్గా కడుక్కోకపోతే పడే మురికి."

చేతులు కడుక్కోకపోతే! డల్వీనా చేతులు ఇరవై ఆరేళ్ళుగా స్పిరిట్టుతో కడిగి కడిగి, వేళ్ళ సందుల్లో చర్మం పొట్టు లేచిపోయి ఉంటాయి. ఆ చేతుల్ని పట్టుకుని అంది ఆ మాట.

సాంతా ఎంగ్రాసియా ఊరి చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఎర్రమట్టే. ఆ మట్టిలోనే ఉంటుంది ఆ బూజు. దుమ్ముతోపాటు ముక్కులోంచి లోపలికి పోతుంది, ఊపిరితిత్తుల్లో ఒక మూల ముడుచుకుని ఇరవై ఏళ్ళో ముప్ఫై ఏళ్ళో పడుకుంటుంది. మనిషి బలం తగ్గాక లేచి ఊపిరి తింటుంది, గొంతు తింటుంది, చిగుళ్ళు తింటే పళ్ళు ఊడి చేతిలోకొస్తాయి. ఊళ్ళోని మెడికల్ కాలేజీలో ఆ జబ్బు కోసమే ఒక ల్యాబ్ ఉంది. అందులో ఆ బూజును గాజుసీసాల్లో పెంచి, ఏడోనాడు మందు వేసి చంపి, వడగట్టి, దాని ఒంట్లోంచి సారం తీసేది డల్వీనా. పుస్తకాల్లో యాంటిజెన్ అంటారు. ల్యాబ్‌లో అందరూ సారం అంటారు. మనిషి నెత్తుట్లో కాపలా కాసే కణాలు ఆ బూజును ఇంతకుముందు చూశాయో లేదో, చూస్తే ఏం చేస్తాయో తెలుసుకోవాలంటే ఆ సారమే దిక్కు. డల్వీనాకి పెద్ద చదువు లేదు. రాత్రి బడిలో పదో తరగతి గట్టెక్కింది. అయినా ఆమె తీసిన సారానికి దేశం నాలుగు మూలల నుంచీ ఉత్తరాలు వచ్చేవి, మాకూ కాస్త పంపండి అని.

డాక్టర్ సిబెలి సావో పావ్లో నుంచి వచ్చి మూడేళ్ళయింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. బూట్లకి ఎర్రమట్టి అంటితే గుమ్మంలోనే కాగితంతో తుడుచుకుని కాగితం పారేసి లోపలికి వస్తుంది.

"వచ్చే వారం కాదు, ఆ పై సోమవారం ప్రొఫెసర్ గారి దగ్గర మీటింగ్ పెట్టించాను," అంది ఆవిడ. "సారం ఇకనుంచి సావో పావ్లో నుంచి తెప్పిస్తాను. మిమ్మల్ని ఆ బల్ల మీద నుంచి తీసేయమని రాసిచ్చాను, డల్వీనా గారూ. అప్పటిదాకా సీసాలు కడగండి."

"ఎందుకు తీసేస్తున్నారో కూడా రాశారా?"

"రాశాను. అజాగ్రత్త."

ఒక్క మాట. ఆ మాట ఆమె ఫైల్లోకి ఎక్కితే ఇక అంతే, ఇరవై ఆరేళ్ళలో తీసిన ప్రతి సీసా మీదా మసి పూసినట్టే. ఉద్యోగం పోదు, ఉంటుంది. కడిగే తొట్టి దగ్గర ఉంటుంది. డల్వీనా ఒళ్ళు మండిపోయింది. "ఆడలేనమ్మ మద్దెల ఓడంది!" అని అరిచి, చేతి తొడుగులు లాగి చెత్తబుట్టలో కొట్టి, తొట్టి దగ్గరికి పోయి నీళ్ళు తిప్పింది. అంత కోపంలోనూ మొదటి సీసా ఏడుసార్లు కడిగింది. అలవాటు మరి.

ఆదివారం అన్నయ్య ఒనోఫ్రి ఇంటికి భోజనానికి వెళ్ళింది. బెండకాయలు వేసిన కోడికూర, మొక్కజొన్న సంకటి. వదిన వడ్డించి, ఈ అన్నాచెల్లెళ్ళ సంగతి తెలిసిన మనిషి కాబట్టి, పక్కింటికి పోయింది.

ఒనోఫ్రికి అరవై ఒకటి. ఆ బూజు అతన్ని నలభై ఏడో ఏట పట్టుకుంది. మందులతో చచ్చింది గానీ వెళుతూ వెళుతూ ఊపిరితిత్తుల్ని ఎండిన తోలులా చేసి పోయింది. గొంతులో మచ్చ కట్టి మాట గాలిలా వస్తుంది. నాలుగు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తెచ్చుకోవాలి. ఆ నాలుగు మాటల్నీ ఎదుటివాళ్ళని పొడవటానికే దాచుకుంటాడు.

"ఇరవై ఆరేళ్ళు... దాన్ని పెంచావు," అన్నాడు. "నన్ను తిన్నదానికి... సీసాలో పెట్టి పాలుపోశావు. ఇప్పుడు వాళ్ళు... తన్ని తగలేశారా? మంచి పని చేశారు."

"నోర్ముయ్ అన్నయ్యా. నేను పెంచింది చంపటానికి."

"నాలో ఉన్నదాన్ని... చంపావా?"

"నువ్వు డాక్టరు దగ్గరికి మూడేళ్ళు ఆలస్యంగా వస్తే నేనేం చెయ్యను? పళ్ళు ఊడుతుంటే సారాయితో పుక్కిలించావు! మేరీమాత సాక్షిగా చెప్పు, పుక్కిలించావా లేదా?"

ఒనోఫ్రి నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు పోలేదు. డల్వీనా లేచి వీపు రాసింది. తిట్టుకుంటూనే రాసింది.

"నీకేం," అన్నాడు తేరుకుని. "నువ్వు హాయిగా ఉన్నావు. నేను పని చేశాను... నాకు పట్టింది. నువ్వు... సాయం చేశావు."

ఆ మాట ఆమె పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. ఆ కాఫీ తోటల్లో లెక్క అలాగే ఉండేది. కౌలు నాన్న పేరు మీద. పని చేసేది నాన్న, మీసాలొచ్చాక ఒనోఫ్రి. అమ్మా, ఆడపిల్లలూ సాయం చేస్తారు. ఎవరైనా అడిగినా అమ్మ కూడా అదే చెప్పేది: నేను ఇంట్లో ఉంటానండీ, కాస్త ఆయనకి సాయం వెళుతుంటాను. తెల్లారకముందే వెళ్ళి పొద్దుగూకాక వచ్చేది ఆ సాయం.

వేరే రోజయితే డల్వీనా ఊరుకునేదే. ఆ రోజు ఊరుకునే రోజు కాదు.

"సాయమా? ఏడో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా ఆ జల్లెడ ఎవరు పట్టారు? నువ్వు కొమ్మలు దూసి గింజలు కింద పారేసి పోతే, ఆ గింజలూ ఆకులూ మట్టీ పోగుచేసి చెరిగిందెవరు? అమ్మా నేనూ కదూ? జల్లెడ పైకెగరేస్తే దుమ్మంతా ఎవరి మొహాన పడేది? సాయంత్రానికి నా కనుబొమ్మలు కూడా ఎర్రగా ఉండేవి. ముక్కు చీదితే ఎర్రమట్టి! నువ్వు నిచ్చెనెక్కి గాల్లో ఉన్నావు. ఆ దుమ్ము నీకంటే పదింతలు నేనే పీల్చా..."

ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నాడు ఒనోఫ్రి.

డల్వీనా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ జబ్బు పదిహేను మంది మగవాళ్ళకి వస్తే ఒక్క ఆడదానికి వస్తుందని ల్యాబ్‌లో తలుపులకి కూడా తెలుసు. ఆడవాళ్ళ ఒంట్లో ఉండే హార్మోను ఆ బూజును జబ్బు రూపంలోకి మారనివ్వదు. అంతమాత్రాన లోపలికి పోకుండా ఆపలేదు. లోపలికి పోతుంది, కణాలు దాన్ని చూస్తాయి, గుర్తుపెట్టుకుంటాయి. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి కొత్త బ్యాచ్ విద్యార్థులకీ ప్రొఫెసర్ ఈ పాఠం చెబుతుంటే పక్కనే సీసాలు సర్దుతూ వింది. అదేదో వేరే ఆడవాళ్ళ సంగతన్నట్టు వింది.

డాక్టర్ సిబెలి చెప్పిన ఎనిమిది మంది ఆరోగ్యవంతుల్లో ఒకతె డల్వీనాయే. ఇదివరకు సావో పావ్లో నుంచి చదువుకోవడానికొచ్చిన పిల్లలు నెత్తురిచ్చేవాళ్ళు. రెండేళ్ళ కిందట హాస్టల్ మూసేసి వాళ్ళంతా వెళ్ళిపోతే, డాక్టరమ్మ కళ్ళెదురుగా ఉన్నవాళ్ళని అడిగింది. డల్వీనా, జసీరా, నేల తుడిచే ఎర్మీనియా, ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఐదుగురు. డాక్టరు అడిగితే కాదంటారా? చెయ్యి చాచారు. ఇన్నాళ్ళూ ఆ నెత్తురు వేరే పరీక్షలకే వాడింది, అందులో సారం వేసి చూడటం నలభై ఒకటో బ్యాచ్‌తోనే మొదలు. మొదటిసారి నెత్తురు తీసేముందు ఒక ఫారం నింపమంది, నింపారు. అందులో ఆరో ప్రశ్న: ఎప్పుడైనా పొలం పని చేశారా? డల్వీనా లేదు అని టిక్కు పెట్టింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పెట్టింది.

"అన్నయ్యా, మంగళవారం నీకు క్లినిక్‌లో చూపించుకునే రోజు కదా. ఒక ట్యూబు నెత్తురు నాకివ్వాలి."

"ఇంకా ఏం మిగిలిందని... నాలో?"

"అదే చూడాలి. ఇస్తావా, చస్తావా?"

సోమవారం పొద్దున్నే ప్రొఫెసర్ ఔడాలియో గదికి వెళ్ళింది. ప్రొఫెసర్‌ది సావో పావ్లోలో మందుల షాపు ఉన్న ఇల్లు. కాఫీని కప్పులో తప్ప చూడని మనిషి. మంచివాడే, కాకపోతే గోడమీది పిల్లి. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు, ఆ ఏడాదీ ఎవరూ అరవకుండా గడిచిపోతే చాలు ఆయనకి. డల్వీనా చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే మీ కణాలకి ఆ బూజు తెలుసంటారు."

"నాకే కాదు. జసీరాని అడిగాను, ఎర్మీనియాని అడిగాను, వాళ్ళూ ఆ దుమ్ము పీల్చినవాళ్ళే. సారంలో మురికి ఉంటే మీ కణాలు కూడా లేవాలి కదండీ, డాక్టరమ్మవీ లేవాలి. మీరిద్దరూ చెయ్యి చాచండి. అదే నలభై ఒకటో బ్యాచ్. ఆరు రోజుల్లో తెలిసిపోతుంది. మీటింగ్ నాటికి అందుతుంది."

"సిబెలి ఒప్పుకోవాలి మరి..." అన్నాడు ఆయన, తలుపు వైపు చూస్తూ.

సిబెలి అప్పటికే తలుపు దగ్గర ఉంది. "నేనెందుకివ్వాలి?" అంది. "పరిశోధన చేసేవాళ్ళ నెత్తురు వాడకూడదు. అది పద్ధతి."

"ఆ పద్ధతి నాకు లేదా? సారం చేసేది నేను. నా నెత్తురు రెండేళ్ళు ఎలా వాడారు?"

వరండాలో జసీరా పళ్ళెంలో కాఫీ కప్పులు పట్టుకుని, చల్లారిపోతున్నా, కదలకుండా వింటోంది.

"డాక్టరమ్మా, మీకు సూదంటే భయమని అందరికీ తెలుసు," అంది డల్వీనా. "మొన్న టీకాకి ఎర్మీనియా చెయ్యి పట్టుకున్నారు. సూదికి భయపడితే తప్పులేదు. నేను చెప్పింది నిజమవుతుందని భయపడితే మాత్రం చెప్పండి, నేనే వెళ్ళి తొట్టి దగ్గర కూర్చుంటాను."

సిబెలి మొహం ఎర్రబడింది. కోటు చెయ్యి పైకి మడిచింది. "తియ్యండి. కానీ కణాలు వేసేది నేను. మీరు ఒక్క ట్యూబు కూడా ముట్టుకోకూడదు. ఇన్‌క్యుబేటర్ తాళంచెవి నా దగ్గర ఉంటుంది."

"మెళ్ళో వేసుకోండి. స్నానానికి కూడా తియ్యకండి."

మంగళవారం ఆరుగురి నెత్తురు తీశారు. సిబెలి, ప్రొఫెసర్, డల్వీనా, జసీరా, ఎర్మీనియా, చివర్లో క్లినిక్ నుంచి గోడ పట్టుకుని నడిచివచ్చిన ఒనోఫ్రి. సూది గుచ్చుతుంటే సిబెలి కిటికీలోంచి బయటికి చూసింది. కళ్ళు చెమర్చాయి, చప్పుడు మాత్రం చెయ్యలేదు. అందుకు ఆవిణ్ణి మెచ్చుకోవాలి, డల్వీనా కూడా లోపల మెచ్చుకుంది. ఒనోఫ్రి ఆవిణ్ణి కిందికీ పైకీ చూసి, "ఈవిడేనా... నీచేత సీసాలు కడిగించేది?" అన్నాడు, అందరికీ వినబడేలా. అతనికి వినబడేలా మాట్లాడటమంటే ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి, ఆ మాట కోసం ఎంత ఖర్చుపెట్టాడో అర్థమైంది.

తర్వాత సిబెలి ఒక్కతే తలుపు వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరి నెత్తుట్లోంచీ తెల్లకణాలు వేరుచేసి, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో వేసింది. ఒక వరసకి ఏమీ వెయ్యలేదు. ఇంకో వరసకి ఎవరి కణాలనైనా లేపే మందు. మూడో వరసకి డల్వీనా సారం. పళ్ళెం వెచ్చని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నిజంగానే మెళ్ళో వేసుకుంది.

ఆ ఆరు రోజులూ డల్వీనా సీసాలు కడిగింది. సిబెలి ఆమె బల్లని ఊరికే ఉండనివ్వలేదు. దాని మీద అట్టపెట్టెలు పెట్టించింది. గురువారం ఆ బల్ల దీపాన్ని ఇంకో గదికి తీసుకుపోయింది. శుక్రవారం కడిగిన సీసాల్లోంచి రెండు తీసి, వెలుతురులో తిప్పి చూసి, "మళ్ళీ కడగండి," అంది. ఆ సీసాలు కడిగినవే, అద్దంలా ఉన్నాయి. డల్వీనా మళ్ళీ కడిగింది. లోపల తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఎర్మీనియా మాత్రం భయపడింది. "ఎందుకొచ్చిన గొడవ అక్కా?" అంది ఒకరోజు, చీపురుకి ఆనుకుని. "వాళ్ళు పెద్దవాళ్ళు. నువ్వు గెలిచినా వాళ్ళే గెలుస్తారు."

"గెలవడం ఎవడిక్కావాలే? నా చేతులు మురికివి కాదని తేలాలి. అంతే."

"నాలో కూడా ఉందంటావా అది?"

"ఎన్నేళ్ళు చెరకులో ఉన్నావు?"

ఎర్మీనియా లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, సిలువ గుర్తు వేసుకుని నేల తుడవటానికి పోయింది.

సోమవారం వచ్చింది. ప్రొఫెసర్ గదిలో పెట్టాల్సిన మీటింగ్ ల్యాబ్‌లోనే పెట్టారు, ఎందుకంటే మైక్రోస్కోప్ అక్కడ ఉంది. సిబెలి మెళ్ళోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, పళ్ళెం తెచ్చి అద్దం కింద పెట్టింది. ప్రొఫెసర్, డల్వీనా, జసీరా, ఎర్మీనియా గోడవారగా నిలబడ్డారు. జసీరాని ఎవరూ పిలవలేదు, కాఫీ తెచ్చింది కదా అని ఉండిపోయింది.

సిబెలి చాలాసేపు చూసింది. పళ్ళెం జరిపింది, చూసింది. మళ్ళీ మొదటికి వచ్చి చూసింది.

"చెప్పండి," అంది డల్వీనా.

"అందరి కణాలూ బతికే ఉన్నాయి. లేపే మందుకి అందరివీ లేచాయి." సిబెలి కళ్ళు అద్దం మీద నుంచి తియ్యలేదు. "సారానికి... నావి లేవలేదు. ప్రొఫెసర్ గారివీ లేవలేదు. మీ ముగ్గురివీ గుత్తులు కట్టాయి."

"అంటే?"

"చూశారుగా."

"నేను పదో తరగతి దాన్ని డాక్టరమ్మా. మాటల్లో చెప్పండి."

సిబెలి తల ఎత్తింది. "సారం శుభ్రంగా ఉంది," అంది, పళ్ళ మధ్య నుంచి.

ప్రొఫెసర్ హమ్మయ్య అని గట్టిగానే అన్నాడు. డల్వీనా ముందుకు వెళ్ళి సిబెలిని జరగమన్నట్టు చేత్తో చూపి, అద్దంలోకి వంగింది. తన గుంట చూసుకుంది. కణాలు ద్రాక్షగుత్తుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని, పెరిగి, చీలి, ఇంకా చీలుతూ ఉన్నాయి. ముప్ఫై ఆరేళ్ళ కిందట పీల్చిన దుమ్ము. ఇంకా మర్చిపోలేదు, ముండలు.

తర్వాత అన్నయ్య గుంటలోకి చూసింది. లేపే మందు వేసిన చోట అతని కణాలు లేచాయి. సారం వేసిన చోట చెల్లాచెదురుగా, ఒంటరిగా పడి ఉన్నాయి. తమ యజమానిని తినేసిన దాని ముక్క ఎదురుగా ఉంటే చూడనట్టు పడుకున్నాయి. జబ్బు బాగా ముదిరినవాళ్ళలో ఇలాగే ఉంటుందని ఆమెకి తెలుసు. కాపలావాళ్ళు ఓడి ఓడి చేతులెత్తేస్తారు. తెలిసినా, అవి అన్నయ్యవి. ఒకే తోట, ఒకే దుమ్ము. తనవి పోట్లాడుతున్నందుకు గర్వం వచ్చింది, ఆ గర్వానికి సిగ్గూ వచ్చింది, ఆ రెండూ ఎవరికీ కనబడకుండా అద్దం మీదే వంగి ఉండిపోయింది.

"అయితే," అంది వెనక నుంచి సిబెలి, "మీరు అబద్ధం రాశారు."

డల్వీనా తిరిగింది. సిబెలి సొరుగులోంచి ఫారాలు తీసి బల్ల మీద పరిచింది. వేలుతో ఒకచోట పొడిచింది. "ఆరో ప్రశ్న. ఎప్పుడైనా పొలం పని చేశారా? లేదు. కింద మీ సంతకం. ఎనిమిది మందీ అంతే. లేదు, లేదు, లేదు. ఆరోగ్యవంతులు, బూజు ఎరగనివాళ్ళు అని నమ్మి రెండేళ్ళు పని చేశాను నేను! రెండేళ్ళు! రెండు వ్యాసాలు వెనక్కి తీసుకోవాలి. పొలంలో పనిచేశారని ఒక్క ముక్క రాసి ఉంటే మీ చెయ్యి ముట్టుకునేదాన్నే కాదు. ఇది అజాగ్రత్త కాదు, మోసం. నేను ఇప్పుడే రాస్తాను ఈ మాట."

గొంతు పెంచని మనిషి అరిచింది. ప్రొఫెసర్ "సిబెలి, సిబెలి," అంటూ చేతులు ఊపాడు.

"నేనూ లేదనే పెట్టాను," అంది జసీరా, నెమ్మదిగా. "అబద్ధమెలా అవుద్దండీ? మా ఇంట్లో పనికెళ్ళింది మా నాన్న. మేం కూడా వెళ్ళేవాళ్ళం, అంతే."

"కూడా వెళ్ళి ఏం చేశారు?"

"పత్తి ఏరాం."

"అది పని కాదా?"

"సాయం కదండీ," అంది ఎర్మీనియా.

సిబెలి ముగ్గురి వైపూ మార్చి మార్చి చూసింది, వీళ్ళు తనని ఆటపట్టిస్తున్నారేమో అని. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. "పదేళ్ళు జల్లెడ పట్టి, దాన్ని సాయమంటారా?" అంది. "ఎవరైనా అంటారా అలా? అది పని! ఏ లెక్కన చూసినా పని. మీరు పని చేశారు, చెయ్యలేదని సంతకం పెట్టారు."

డల్వీనా బల్ల మీది తన ఫారం ముందుకు లాక్కుంది. యాభై మూడేళ్ళ బతుకులో అది పని అని నాన్న అనలేదు, తోట యజమాని అనలేదు, అన్నయ్య మొన్న ఆదివారం కూడా అనలేదు, చివరికి అమ్మ అనలేదు. అన్నది ఈవిడ. అదీ దొంగదాన్ని పట్టుకున్నట్టు.

"రాయండి," అంది డల్వీనా.

"రాస్తాను. మోసమని రాస్తాను."

"మోసమనే రాసుకోండి. ముందు ఈ ఫారం మీద రాయండి. ఆ 'లేదు' కొట్టేసి రాయండి. పని చేసింది అని. మీ చేత్తో. కింద మీ సంతకం, స్టాంపు."

"మీరు నాకు పనులు చెప్పక్కర్లేదు."

"రాయకపోతే ఇది తప్పు ఫారం, డాక్టరమ్మా. తప్పని తెలిసి సొరుగులో పెట్టుకుంటే అప్పుడు మోసం మీది."

ప్రొఫెసర్ జేబులోంచి తన పెన్ను తీసి సిబెలి ముందు పెట్టాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ మనిషి ఒక పక్కకి దూకడం డల్వీనా చూడటం అదే మొదటిసారి.

సిబెలి కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా టిక్కు కొట్టేసింది. "డల్వీనా ప్రెస్టెస్. ఏ పంట?"

"కాఫీ."

"ఎన్నేళ్ళు?"

"పది. ఏడో ఏటి నుంచి."

రాసింది. సంతకం పెట్టింది, స్టాంపు గుద్దింది. తర్వాతి ఫారం లాక్కుంది. "జసీరా."

"పత్తి అండీ. పన్నెండేళ్ళు."

"ఎర్మీనియా."

"చెరకు. ఎనిమిది... కాదు కాదు, పెళ్ళయ్యాక కూడా నరికాను కదా." ఎర్మీనియా వేళ్ళ మీద లెక్కపెట్టింది, ఈసారి మధ్యలో వదలలేదు. "పదిహేడు. పదిహేడేళ్ళు రాయండి."

సిబెలి మిగిలిన ఐదు ఫారాలూ పోగుచేసుకుని లేచింది. లాండ్రీకి వెళ్ళాలి. పోతూ పోతూ బల్ల మీది అట్టపెట్టెల వైపు చూసి, "ఇవి తీయించుకోండి. నలభై రెండో బ్యాచ్ ఎల్లుండికి మొదలుపెట్టాలి," అంది. క్షమించమనే మాట ఆ దరిదాపుల్లో లేదు. డల్వీనా ఎదురుచూడనూ లేదు.

"డాక్టరమ్మా," అంది. "వాళ్ళని పని చేశారా అని అడక్కండి. మళ్ళీ లేదనే చెబుతారు. ఏం మోశారు, ఏం ఏరారు, ఎన్నేళ్ళు అని అడగండి."

సిబెలి తలుపు దగ్గర ఆగింది. "ఇంకేమైనా ఉందా?"

"మా అమ్మ. కాఫీ, ముప్ఫై నాలుగేళ్ళు."

"ఆవిడ నెత్తురు మన దగ్గర లేదు కదా."

"లేదు. పోయి పంతొమ్మిదేళ్ళయింది." డల్వీనా అట్టపెట్టె ఒకటి ఎత్తి నేల మీద పెట్టింది. రెండోది ఎత్తబోయి ఆగింది. "చావు కాగితంలో వృత్తి ఏంటి అని అడిగాడు గుమాస్తా. గృహిణి, అన్నాను. అలాగే రాశాడు. చదివి చూసుకోమన్నాడు. చదివి, సరిగ్గానే ఉందని సంతకం పెట్టింది నేనే."